ఆఫీసులో ఇన్‌క్లూజన్ పెరిగిందని ఎలా తెలుస్తుంది?

కంపెనీలు ఏటా విడుదల చేసే ఇన్‌క్లూజన్ (ఏ నేపథ్యం వారినైనా కలుపుకుపోవడం) నివేదికలు చాలావరకు ఒకే మూసలో ఉంటాయి. ఎంతమందికి శిక్షణ ఇచ్చారు, ఎన్ని గంటలు ఇచ్చారు, ఎన్ని అవగాహన సదస్సులు పెట్టారు, మొత్తం ఉద్యోగుల్లో మహిళలు ఎంత శాతం అన్న అంకెలు, మధ్యమధ్యలో నవ్వుతున్న ముఖాల ఫొటోలు. వీటిలో అబద్ధం ఏమీ ఉండకపోవచ్చు. చిక్కల్లా ఏమిటంటే, ఇదంతా కంపెనీ పడిన శ్రమ లెక్క. ఆ శ్రమ వల్ల ఎవరికైనా మంచి ప్రాజెక్టు దక్కిందా, ఆగిపోయిన ప్రమోషన్ వచ్చిందా, మానేద్దామనుకున్నవాళ్లు మనసు మార్చుకున్నారా అన్నవి అందులో కనిపించవు.

ఈ శ్రమకూ ఫలితానికీ మధ్య ఎంత దూరం ఉండొచ్చో 2006లో అలెగ్జాండ్రా కాలేవ్, ఫ్రాంక్ డాబిన్, ఎరిన్ కెల్లీ అనే సామాజిక శాస్త్రవేత్తలు లెక్క తీశారు. అమెరికాలోని 708 ప్రైవేటు సంస్థల్లో 1971 నుంచి 2002 దాకా మేనేజర్ల స్థాయిలో ఎవరెవరున్నారు, ఏ సంస్థ ఏ ఏడాది ఏ కార్యక్రమం మొదలుపెట్టింది అన్న వివరాలను పక్కపక్కన పెట్టి చూశారు. అందరూ ముందుగా చేపట్టే శిక్షణ తరగతుల వల్ల మేనేజర్లలో మహిళల వాటా గానీ, నల్లజాతివారి వాటా గానీ పెద్దగా పెరగలేదు. ఈ వాటా పెంచడానికి ఫలానా కమిటీ, ఫలానా అధికారి జవాబుదారీ అని బాధ్యత అప్పగించిన సంస్థల్లో తేడా స్పష్టంగా కనిపించింది. డాబిన్, కాలేవ్ 2016లో ఎనిమిది వందలకు పైగా కంపెనీల సమాచారంతో మరో విషయం బయటపెట్టారు. శిక్షణను తప్పనిసరి చేసిన సంస్థల్లో ఐదేళ్లు తిరిగేసరికి మేనేజర్లలో నల్లజాతి మహిళల వాటా సగటున 9 శాతం తగ్గింది. హాజరు పట్టీ నిండుగా ఉన్న సంస్థల్లోనే ఫలితం వెనక్కి నడిచిందన్నమాట.

శిక్షణ ముగిసిన వెంటనే నింపించే ఫీడ్‌బ్యాక్ ఫారాలకు కూడా ఇదే బలహీనత ఉంది. 2019లో వెలువడిన ఒక అధ్యయనంలో పరిశోధకులు ఒక పెద్ద బహుళజాతి కంపెనీకి చెందిన, 63 దేశాల్లో పనిచేస్తున్న మూడు వేల మందికి పైగా ఉద్యోగులను తీసుకున్నారు. కొందరికి వివక్ష గురించి గంటసేపు ఆన్‌లైన్ శిక్షణ, మిగతావారికి దీనితో సంబంధం లేని వేరే అంశంపై శిక్షణ ఇచ్చారు. ఎవరికి ఏది అన్నది లాటరీ పద్ధతిలో తేల్చారు. అభిప్రాయాల్లో కొంత మెరుగుదల కనిపించింది. ఆ తర్వాత వాళ్లు ఎవరికి మెంటార్‌గా ఉండడానికి ముందుకొచ్చారు, ఎవరి పనిని మెచ్చుకున్నారు అని చూస్తే మొత్తంగా మార్పు చాలా తక్కువ. మనిషి మాటల్లో మార్పు రావడానికి గంట చాలింది, చేతల్లోకి అది రాలేదు.

తలలు లెక్కపెడితే ఎంతవరకు తెలుస్తుంది?

శిక్షణ గంటల కంటే తలల లెక్క కొంత మేలు. కనీసం మనుషులు ఉన్నారో లేదో చెబుతుంది. అయితే ఒక చోట మనుషులు పెరిగినంత మాత్రాన దాని ప్రభావం మిగతా సంస్థ అంతటా పాకుతుందని అనుకోలేం. నార్వే 2003లో చట్టం చేసి, 2008 నాటికి పబ్లిక్ లిమిటెడ్ కంపెనీల బోర్డుల్లో ఆడా మగా ఎవరి వాటా అయినా 40 శాతానికి తగ్గకూడదని పట్టుబట్టింది. లక్ష్యం నెరవేరింది. బోర్డుల్లోకి వచ్చిన మహిళలు అంతకుముందున్న మహిళా డైరెక్టర్ల కంటే ఎక్కువ అర్హతలున్నవాళ్లని కూడా తేలింది. కానీ అవే కంపెనీల్లో కింది స్థాయిల్లో పనిచేసే మహిళలకు దాని వల్ల చెప్పుకోదగ్గ మేలు జరిగిన ఆనవాళ్లు మాత్రం ఆర్థికవేత్తలకు దొరకలేదు. బోర్డు ఫొటో చూసి సంస్థ మొత్తాన్ని అంచనా వేయడం ఎంత తప్పో దీనితో తెలుస్తుంది.

పైగా ఇన్‌క్లూజన్ అన్నది ఉనికితో ఆగేది కాదు. లిన్ షోర్, ఆమె సహ పరిశోధకులు 2011లో దీన్ని రెండు ముక్కలుగా విడదీశారు. తానూ ఈ గుంపులో మనిషినే అన్న భరోసా ఒకటి, తనలా తాను ఉండగలగడం రెండోది. రెండూ ఉంటేనే ఇన్‌క్లూజన్. మొదటిది ఉండి రెండోది లేనివాళ్లు ప్రతి ఆఫీసులోనూ కనిపిస్తారు. యాస దాచుకుంటారు, ఇంట్లో పిల్లల బాధ్యత ఉందని పైకి చెప్పరు, తమ మీద వేసిన జోకుకి అందరితోపాటు నవ్వుతారు. "ఇక్కడ నన్ను కలుపుకుపోతున్నారు" అన్న సర్వే ప్రశ్నకు వీళ్లు 'అవును' అనే టిక్ పెడతారు. "నాకు భిన్నాభిప్రాయం ఉన్నప్పుడు మీటింగ్‌లో చెప్పగలుగుతున్నాను" అన్న ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి పెన్ను ఆగుతుంది. అందుకే రెంటినీ విడివిడిగా అడగాలి, రెంటినీ కలిపి ఒకే స్కోరుగా సగటు తీయకూడదు.

సగటు అనగానే ఇంకో ప్రమాదం ఉంది. ఒక విభాగంలో 40 మంది మహిళలు ఉన్నారనుకుందాం. అయిదుకు ఎన్ని మార్కులు వేస్తారని సర్వేలో అడిగితే 30 మంది నాలుగేసి, 10 మంది రెండేసి వేశారు. సగటు 3.5. ఏడాదిలో ఆ అసంతృప్తిగా ఉన్న 10 మందిలో ఎనిమిది మంది రిజైన్ చేశారు. వాళ్ల స్థానంలో ఎనిమిది మంది కొత్తవాళ్లు వచ్చారు. కొత్త ఉద్యోగంలో మొదటి నెలలు సాధారణంగా బాగానే ఉంటాయి కాబట్టి వాళ్లూ నాలుగేసి వేశారు. ఇప్పుడు సగటు 3.9. ఆఫీసులో ఒక్క పద్ధతి మారలేదు, ఒక్క మేనేజర్ తీరు మారలేదు. ఇబ్బంది పడ్డవాళ్లు వెళ్లిపోయారు, అంతే. స్లైడ్ మీద మాత్రం "ఏడాదిలో 0.4 పెరుగుదల" అని పడుతుంది, దానికి చప్పట్లు కూడా పడతాయి. సర్వే స్కోరు పక్కన ఆ ఏడాది ఎవరు మానేశారో, ఎన్నేళ్ల సర్వీసుతో మానేశారో చూపని నివేదికను నమ్మాల్సిన పనిలేదు. ఎగ్జిట్ ఇంటర్వ్యూ ఈ లోటును కొంత తీర్చాలి. కానీ అందులో అందరూ రాసేది "మంచి అవకాశం వచ్చింది" అనే. రిలీవింగ్ లెటర్ ఇంకా చేతికి రాకముందే ఎవరు నిజం రాస్తారు? వెళ్లిపోయిన ఆరు నెలలకు, కంపెనీతో సంబంధం లేని మూడో మనిషి ఫోన్ చేసి అడిగితే వేరే జవాబులు వచ్చే అవకాశం ఎక్కువ.

ఫిర్యాదులు పెరిగితే మంచిదా, చెడ్డదా?

అన్నిటికంటే ఎక్కువగా అపార్థం చేసుకునే అంకె ఇదే. ఫిర్యాదులు తగ్గితే హెచ్‌ఆర్ ఊపిరి పీల్చుకుంటుంది, పెరిగితే టెన్షన్ మొదలవుతుంది. పరిశోధకురాలు ఎమీ ఎడ్మండ్‌సన్ 1990లలో ఆసుపత్రుల్లో చేసిన పరిశోధన ఈ అలవాటును ప్రశ్నిస్తుంది. టీమ్ వాతావరణం బాగున్న వార్డుల్లో మందులు ఇవ్వడంలో పొరపాట్లు తక్కువ ఉంటాయని ఆమె అనుకుంది. నమోదైన లెక్కలు చూస్తే అక్కడే ఎక్కువున్నాయి. కారణం వెతికితే, ఆ వార్డుల్లో నర్సులు పొరపాటు జరిగిందని భయం లేకుండా చెబుతున్నారు. మిగతా చోట్ల పొరపాట్లు మరుగున పడిపోతున్నాయి. ఆమె తర్వాత విస్తరించిన 'సైకలాజికల్ సేఫ్టీ' (నోరు విప్పితే నష్టం జరగదన్న నమ్మకం) ఆలోచనకు బీజం అక్కడ పడింది.

వేధింపుల విషయంలోనూ ఇంతే. అమెరికాలో ఉద్యోగ వివక్షపై విచారణ జరిపే ఈఈఓసీ నియమించిన టాస్క్‌ఫోర్స్ 2016లో ఇచ్చిన నివేదిక ప్రకారం, వేధింపులకు గురైన ప్రతి నలుగురిలో దాదాపు ముగ్గురు ఆ సంగతి సూపర్‌వైజర్‌కు గానీ, మేనేజర్‌కు గానీ, యూనియన్ ప్రతినిధికి గానీ ఎప్పుడూ చెప్పలేదు. ఫిర్యాదుల రిజిస్టర్‌లోకి వచ్చేది అసలు జరిగినదాంట్లో చిన్న ముక్క అన్నమాట. అలాంటప్పుడు ఒక సంస్థ నమ్మకమైన ఫిర్యాదు పద్ధతి పెడితే మొదటి ఏడాది సంఖ్య పెరగడమే సహజం. పెరగకపోతేనే అనుమానించాలి.

దీన్ని సరిగ్గా కొలవాలంటే రెండు వేరువేరు ప్రశ్నలు కావాలి. పేరు చెప్పక్కర్లేని సర్వేలో "గత ఏడాది మీకు ఇలాంటిది జరిగిందా" అని ఒకటి, "జరిగితే ఎవరికైనా చెప్పారా" అని మరొకటి. మొదటిదానికి అవుననేవాళ్లు తగ్గుతూ, రెండోదానికి అవుననేవాళ్లు పెరుగుతూ ఉంటే పరిస్థితి నిజంగా బాగుపడుతున్నట్టు. రెండూ కలిసి తగ్గుతుంటే తొందరపడి ఏమీ అనలేం, సర్వేలో నిజం చెప్పడం కూడా మానేసి ఉండొచ్చు. వైకల్యం ఉందని స్వయంగా నమోదు చేసుకునేవారి సంఖ్య కూడా ఇలాంటిదే. కొత్తగా ఒక్కరిని చేర్చుకోకపోయినా ఈ సంఖ్య పెరగొచ్చు. ఇన్నాళ్లూ వినికిడి సమస్యను దాచుకున్నవాళ్లు చెబితే నష్టం లేదని తెలిసి ఇప్పుడు చెబుతుండొచ్చు.

జీతాల లెక్కలో దాక్కునే తేడా

జీతం విషయానికి వస్తే అంకెలు గట్టిగా ఉంటాయి, వాదనలు కూడా అంతే గట్టిగా ఉంటాయి. ఒక కంపెనీలో 100 మంది మగవాళ్లు, 100 మంది మహిళలు ఉన్నారు. కింది గ్రేడ్ జీతం వంద, పై గ్రేడ్ జీతం రెండు వందలు అనుకుందాం. మగవాళ్లలో సగం మంది పై గ్రేడ్‌లో ఉన్నారు, మహిళల్లో 20 మందే ఉన్నారు. మగవాళ్ల సగటు జీతం 150, మహిళలది 120. తేడా 20 శాతం. "గ్రేడ్‌ను పరిగణనలోకి తీసుకుంటే తేడా సున్నా" అని కంపెనీ ప్రకటిస్తుంది. అదీ నిజమే, ఒకే గ్రేడ్‌లో ఎవరికీ తక్కువ ఇవ్వడం లేదు. కానీ 80 మంది మహిళలు కింది గ్రేడ్‌లోనే ఎందుకున్నారు? వివక్ష ఎక్కడైనా జరిగి ఉంటే ఎక్కువగా ప్రమోషన్ దగ్గరే జరిగి ఉండొచ్చు. గ్రేడ్‌ను లెక్కలోంచి తీసేయడమంటే దర్యాప్తు చేయాల్సిన గదికే తాళం వేయడం. సర్దుబాటు చేసిన తేడాను మాత్రమే ప్రకటించి, అసలు తేడాను దాచే కంపెనీలను ఈ ఒక్క ప్రశ్న అడిగితే చాలు.

బ్రిటన్ 2017లో తెచ్చిన నిబంధనలు ఈ కారణంగా ముఖ్యమైనవి. 250 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలు సర్దుబాటు లేని తేడానే ప్రకటించాలి. సగటు, మధ్యస్థం (వరుసలో సరిగ్గా మధ్యలో ఉన్న జీతం), బోనస్ తేడాతో పాటు, జీతాల వరుసను నాలుగు సమాన భాగాలు చేసి ఒక్కో భాగంలో మహిళలు ఎంత శాతమో కూడా చెప్పాలి. ఎక్కువ విషయం బయటపెట్టేది ఈ చివరి పట్టికే. మెట్లలో ఏ మెట్టు దగ్గర మహిళలు పల్చబడుతున్నారో అందులో కనిపిస్తుంది.

తేడా తగ్గినా అది ఎలా తగ్గిందో చూడాలి. డెన్మార్క్‌లో 2006 నాటి చట్టం కింద 35 మందికి పైబడిన సంస్థలు జీతాల తేడా వివరాలు ఇవ్వాల్సి వచ్చింది. తేడా నిజంగానే తగ్గింది. ఆరా తీస్తే, అది ప్రధానంగా మగవాళ్ల జీతాల పెరుగుదల నెమ్మదించడం వల్ల జరిగింది. ఇది విజయమా కాదా అన్నది విలువల ప్రశ్న. కానీ నివేదిక చదివేవాళ్లకు ఆ సంగతి తెలియాలి కదా.

విడి లెక్క అసలు తేడాను దాచినట్టే, కొన్నిసార్లు మొత్తం లెక్క లేని తేడాను చూపిస్తుంది. 1973లో బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో పీజీ ప్రవేశాలకు దరఖాస్తు చేసిన మగవాళ్లలో 44 శాతం మందికి, మహిళల్లో 35 శాతం మందికి సీటు వచ్చింది. విభాగాల వారీగా విడదీస్తే మహిళలపై అలాంటి పక్షపాతం కనిపించలేదు. మహిళలు ఎక్కువగా దరఖాస్తు చేసినవి అందరికీ సీటు కష్టంగా దొరికే విభాగాలు. కంపెనీలోనూ మొత్తం ప్రమోషన్ల శాతం చూసి ఏ తీర్పూ ఇవ్వకూడదు, మంచిదైనా చెడ్డదైనా.

నిర్ణయం జరిగే చోటు

ఇవన్నీ చూశాక ఒక అభిప్రాయం బలపడుతుంది. మనోభావాల సర్వేలు అవసరమే గానీ, ప్రభావం నిఖార్సుగా కనిపించేది ఉద్యోగి దారిని మార్చే నిర్ణయాల్లో. రెజ్యూమె పక్కన పెట్టడం, ప్రాజెక్టు అప్పగించడం, అప్రైజల్ రేటింగ్, హైక్, ప్రమోషన్ సిఫారసు. ఒక్కో చోట తేడా చిన్నదే కావచ్చు, అయిదు చోట్ల కూడితే పదేళ్లలో ఇద్దరు వేర్వేరు అంతస్తుల్లో తేలతారు.

మొదటి మెట్టును బయటినుంచి కూడా కొలవొచ్చు. మరియాన్ బెర్ట్రాండ్, సెంధిల్ ముల్లైనాథన్ బోస్టన్, షికాగోల్లోని ఉద్యోగ ప్రకటనలకు దాదాపు 5,000 రెజ్యూమెలు పంపి, పేర్లు మాత్రం మార్చారు. 2004లో వెలువడిన ఫలితాల్లో తెల్లజాతివారిలా వినిపించే పేర్లకు 50 శాతం ఎక్కువ పిలుపులు వచ్చాయి. సుఖదేవ్ థోరట్, పాల్ అట్‌వెల్ ఇదే పద్ధతిలో భారత్‌లో చేసి 2007లో ప్రచురించిన అధ్యయనంలో దళిత, ముస్లిం పేర్లకు పిలుపులు తక్కువ వచ్చాయి.

లోపలి మెట్లు ఇంకా సూక్ష్మం. ఎమిలియో కాస్టియా 2008లో ఒక పెద్ద సంస్థ రికార్డులు విశ్లేషించి, ఒకే రేటింగ్ వచ్చినా మహిళలకు, మైనారిటీలకు హైక్ తక్కువ పడుతోందని చూపించాడు. రేటింగ్‌లను మాత్రమే ఆడిట్ చేసే కంపెనీకి ఇది దొరకదు. రేటింగ్‌కీ హైక్‌కీ మధ్య ఒక మేనేజర్ సంతకం ఉంటుంది, తేడా అక్కడ పుడుతుంది. అతని 2015 అధ్యయనంలో ఒక ప్రైవేటు కంపెనీ జీతాల నిర్ణయాలను పరిశీలించే కమిటీ పెట్టి, అంకెలను పై అధికారుల ముందుంచాక ఆ తేడా తగ్గింది.

ప్రాజెక్టుల పంపకాన్ని కొలిచేవాళ్లు చాలా తక్కువ. ఒక టీమ్‌లో మూడు నెలల పనిని కాగితం మీద పెట్టి చూస్తే చాలు. మీటింగ్ మినిట్స్ రాసింది ఎవరు, కొత్తవాళ్లకు సీట్లు, ఐడీ కార్డులు చూసింది ఎవరు, వీడ్కోలు పార్టీకి డబ్బులు వసూలు చేసింది ఎవరు, క్లయింట్ ముందు ప్రెజెంటేషన్ ఇచ్చింది ఎవరు. మొదటి మూడింటికీ అప్రైజల్‌లో గడి ఉండదు, నాలుగోదానికి ఉంటుంది. ఇలా ప్రమోషన్‌కు పనికిరాని పనులకు మహిళలే ఎక్కువగా ముందుకొస్తారని, వాళ్లనే ఎక్కువగా అడుగుతారని లిండా బాబ్‌కాక్ బృందం 2017లో ప్రయోగాలతో చూపించింది. ఈ లెక్కకు సాఫ్ట్‌వేర్ కూడా అక్కర్లేదు, క్యాలెండర్, మెయిల్స్ చాలు.

కొలిచింది సరే, మార్పు ఆ కార్యక్రమం వల్లే వచ్చిందని ఎలా అనగలం? మార్కెట్ బాగుంటే నియామకాలు పెరుగుతాయి, వాటితోపాటు వైవిధ్యమూ పెరుగుతుంది. అన్ని శాఖల్లో ఒకే రోజు మొదలుపెడితే ఈ ప్రశ్నకు ఎప్పటికీ జవాబు దొరకదు. లాటరీ వేసి సగం శాఖల్లో ముందు, మిగతా సగంలో ఆరు నెలల తర్వాత మొదలుపెడితే ఖర్చు పెరగదు, పోల్చడానికి జత దొరుకుతుంది. మంచి ఉద్దేశం ఒక్కటే చాలదని ఫ్రాన్స్‌లో ఇలాంటి పరీక్షే తేల్చింది. రెజ్యూమెల్లో పేర్లు దాచిపెట్టే ప్రయోగం జరిపితే, అందులో చేరిన సంస్థల్లో వలస నేపథ్యం ఉన్నవారి ఇంటర్వ్యూ అవకాశాలు పెరగకపోగా తగ్గాయి. స్వచ్ఛందంగా ముందుకొచ్చిన సంస్థలు అప్పటికే వాళ్లకు అనుకూలంగా చూస్తున్నాయి. పేరు కనబడకపోయేసరికి రెజ్యూమెలోని ఖాళీలను వాళ్ల పరిస్థితిని బట్టి అర్థం చేసుకునే వీలు కూడా పోయింది.

చిన్న సంఖ్యల గురించి ఒక్క మాట. పన్నెండు మంది టీమ్‌లో ఇద్దరే మహిళలుండి ఒకరు మానేస్తే "మహిళల అట్రిషన్ 50 శాతం" అవుతుంది. అది గణాంకం అనిపించుకోదు. అలాంటి చోట రెండు మూడేళ్ల లెక్కలు కలిపి చూడాలి, లేదా నేరుగా మనుషులతో మాట్లాడాలి. అయిదుగురి కంటే తక్కువ ఉన్న గుంపుల సర్వే ఫలితాలు విడిగా చూపితే ఎవరేం చెప్పారో మేనేజర్‌కు ఇట్టే తెలిసిపోతుంది, మరుసటి ఏడాది ఎవరూ నిజం చెప్పరు.

లాభాలు పెరిగాయా అన్నది కూడా కొలమానంగా పెడుతుంటారు. వైవిధ్యం ఎక్కువున్న కంపెనీలకు లాభాలూ ఎక్కువని మెకిన్సీ అనే కన్సల్టింగ్ సంస్థ 2015 నుంచి వరుసగా నివేదికలు ఇచ్చింది. 2024లో జెరెమయా గ్రీన్, జాన్ హ్యాండ్ అమెరికాలోని ఎస్‌ అండ్‌ పీ 500 జాబితాలో ఉన్న పెద్ద కంపెనీలపై అదే పద్ధతి ప్రయోగిస్తే ఆ సంబంధం కనిపించలేదు. బాగా సంపాదించే కంపెనీలే ఇలాంటివాటికి ఖర్చు పెట్టగలవన్న మాట కూడా కొట్టిపారేయలేనిది. ఇన్‌క్లూజన్‌ను లాభం పేరుతో అమ్మితే, లాభం పడిపోయిన ఏడాది దాన్ని తీసేయడానికి కారణం ముందే చేతికిచ్చినట్టవుతుంది.

ఇంత పెద్ద లెక్కలు చేయలేని చిన్న సంస్థ ఒకే ఒక్క అంకెతో మొదలుపెట్టాలంటే, వైకల్యం ఉన్న ఉద్యోగి అడిగిన సదుపాయం ఎన్ని రోజులకు అందుతోందో చూడొచ్చు. చూపులేని ఉద్యోగి చేరిన రోజే స్క్రీన్ రీడర్ (తెర మీది అక్షరాలను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) కావాలని మెయిల్ పెడతాడు. మేనేజర్ హెచ్‌ఆర్‌కి పంపుతాడు, హెచ్‌ఆర్ ఐటీకి, ఐటీ భద్రతా అనుమతికి, అక్కడినుంచి కొనుగోళ్ల విభాగానికి. ఆ సాఫ్ట్‌వేర్‌లో ఉచితంగా దొరికేది కూడా ఉందని ఎవరికీ తట్టదు. ఈలోగా ప్రొబేషన్‌లో రెండు నెలలు కరిగిపోతాయి, "పనిలో వేగం లేదు" అని మొదటి రివ్యూలో పడుతుంది. తగిన సదుపాయం నిరాకరించడం కూడా వివక్షేనని ఐక్యరాజ్యసమితి 2006 నాటి వికలాంగుల హక్కుల ఒప్పందం చెబుతోంది. ఆలస్యాన్ని నిరాకరణ కింద లెక్కపెట్టే సంస్థలు అరుదు. మెయిల్ వచ్చిన తేదీ, సదుపాయం అందిన తేదీ, మధ్యలో ఫైలు ఎవరి దగ్గర ఎన్ని రోజులు ఆగింది అన్న మూడు గడుల పట్టిక దీనికి సరిపోతుంది. మూడో గడిలో పేర్లు పడతాయని తెలిస్తే ఫైలు కదిలే వేగం కూడా మారుతుంది.